నిల్లు అంటే నీళ్లు కాదు

ధర్మవరంలో పట్టుచీరలు నేయడం తప్ప లోకంలో ఇంకో పని ఉందంటే మా నాయన ఒప్పుకోడు. పెనుకొండ దగ్గర యార్డులో చెక్ డ్యాం గోడను ముక్కలు ముక్కలుగా పోతపోయించి, లారీల్లో తీసుకెళ్లి వాగులో నిలబెట్టిస్తానని నేను చెబితే పగలబడి నవ్వాడు.

"రెడీమేడ్ డ్యామా? చొక్కాల మాదిరి దీనికీ సైజులుంటాయా ఏమిరా?"

చుట్టాలు అడిగితే "యాడో సిమెంటు పని చూస్తాండాడు" అని మాట దాటేసేవాడు. నాకు ఒళ్లు మండేది. నాది కూడా ఒక పనేనని ఆయన నోటితో ఒక్కసారైనా అనిపించుకోవాలని నా పంతం. అందుకే చిలమత్తూరు దగ్గర వాగులో చివరి ముక్క దించే రోజు, బతిమాలి వెంట తీసుకెళ్లాను.

క్రేన్ నడిపే మనిషి కర్ణాటక వాడు, తెలుగు ముక్క రాదు. నాకు వచ్చిన కన్నడం రెండు మాటలు. బిడు అంటే వదులు, నిల్లు అంటే ఆగు. హిందూపురం కూలీలు నా కన్నడం విని ముఖాలు తిప్పుకుని నవ్వేవాళ్లు. పని మాత్రం జరిగిపోయేది.

ఊరికే కూర్చోమంటే మా నాయనకు ప్రాణం పోతుంది. పోరు పడలేక, పాత అతుకుల మీద నీళ్లు కొట్టే పైపు చేతికిచ్చి, "నేను చెప్పినప్పుడు కొడుదువులే" అన్నాను.

అడుగున పచ్చి సిమెంటు పరిచి ఉంది. ముక్క సగం దిగేసరికి గాలికి ఊగి, గాడి తప్పింది.

"నిల్లు! నిల్లు!" అని అరిచాను.

క్రేన్ ఆగింది. మా నాయన మొదలుపెట్టాడు. పైపెత్తి ఆ పచ్చి సిమెంటు మీద ధారగా వదిలాడు. నేను అటు పరుగెత్తాను. ఆ కంగారులో ఆయన మీద కూడా కన్నడంలోనే పడ్డాను.

"నిల్లు నాయనా, నిల్లు!"

"పోస్తాండా కదరా, చెవులు పోయేట్టు అరుస్తావేల?" అని ఇంకా జోరుగా కొట్టాడు.

పరిచిందంతా కొట్టుకుపోయింది. కొండల మీద మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. ఆ సందు పూడకముందే వాగు వస్తే, నిలబెట్టిన ముక్కల కింద కూడా కోసేస్తుంది. నిల్లుని నీళ్లనుకున్నాడని తెలిసి కూలీలు కడుపు పట్టుకుని నవ్వుతుంటే, మా నాయన పంచె ఎగ్గట్టి తట్ట నెత్తికెత్తుకున్నాడు. అందరం పరుగుల మీద మళ్లీ సిమెంటు పరిచి ముక్కను దించాం. అంత హడలగొట్టిన మబ్బు ఒక్క చుక్కైనా రాల్చకుండా వెళ్లిపోయింది, దొంగముఖంది.

తర్వాత కొన్నాళ్లకు మంచి వాన పడి వాగు నిండింది. "పోయి చూసొద్దాం పా" అని ఈసారి మా నాయనే బయలుదేరదీశాడు. గోడ కిందివైపు దిగి, ప్రతి అతుకూ చేత్తో తడిమి చూశాడు. ఎక్కడా చెమ్మ తగల్లేదు. పాపం, కాస్త నిరాశ పడ్డట్టే కనిపించాడు.

గట్టు మీద గొర్రెలు తోలుకుపోతున్న ముసలాయన ఆగాడు.

"ఏమప్పా, ఈ గోడ ఎవురు కట్టిండేది?"

నేను మా నాయన వైపు చూశాను.

"మావాడే కట్టినాడు," అన్నాడు మా నాయన. "నీళ్లు నేను పోసినా."

ముసలాయన నిండిన వాగు వైపు ఒకసారి చూసి, మా నాయనకు రెండు చేతులెత్తి దండం పెట్టాడు. దండం ఆయనకే పోయింది. పోతే పోయింది, మావాడే కట్టినాడన్న మాట నాకు దక్కింది.