కొల్లేరు లంకలో పన్నెండో ఆటగాడు

తాడేపల్లిగూడెంలో నేను బస్తాలు మోసే రైసుమిల్లులో ఎండదెబ్బకు ఇద్దరు పడిపోయాక మధ్యాహ్నం లోడింగు ఆపేశారు. నా కూలి సగమైంది. కొల్లేరు లంకలో ఒక ఊళ్ళో వేసవి వాలీబాల్ క్యాంపుకు జీతం మీద సహాయకుడు కావాలని తెలిసి, ఎస్టీడీ బూత్ నుంచి అక్కడి మాస్టారికి ఫోన్ చేశాను. రమ్మన్నారు. తెల్లవారుజామున ఐదింటి పాసింజరు ఎక్కితే గంటలో ఏలూరు, టిక్కెట్టు పది రూపాయల లోపే. రిక్షాలో బస్టాండుకు వెళ్ళి, లంకల బస్సు పట్టుకుని ఏడున్నరకు ఊళ్ళో దిగాను.

మైదానంలో నెట్టు కట్టి ఉంది. పక్కన మాస్టారొక్కరే రిజిస్టరు పట్టుకుని కూర్చున్నారు.

“ఐదున్నర నుంచీ ఇంతే అబ్బాయ్. సాయంత్రానికి పన్నెండు పేర్లు లేకపోతే పై ఆఫీసువాళ్ళు క్యాంపు ఎత్తేస్తారు. నీ ఉద్యోగమూ దాంతోనే.”

“ఆటగాళ్ళేరండీ?”

“అదిగో, చెరువులో.”

మైదానం వెనకే చేపల చెరువు. నడుంలోతు నీళ్ళల్లో పన్నెండు మంది కుర్రాళ్ళు వల లాగుతున్నారు. ముందున్న నాగరాజు జట్టు కెప్టెన్.

“ఇదివరకు ఆటయ్యాక ఎనిమిదింటికి దిగేవాళ్ళమండీ. ఇప్పుడా టైముకి నీళ్ళు వేడెక్కి చేప వలలోనే చచ్చిపోతంది. అందుకే చెరువు ఆసాములు తెల్లారగట్ల నాలుగింటికే దిగమంటన్నారు.”

“సాయంత్రం ఆడొచ్చుగా?”

“ఆరింటిదాకా నేల కాలిపోద్దండీ. ఆరున్నర దాటితే చీకటి. ముందీ వల కొస పట్టుకోండి కోచ్ గారూ, మీ బలమెంతో చూద్దాం!”

అందరూ నవ్వారు. ప్యాంటు మడిచి దిగాను. లారీకి చేపలెత్తాక, ఆరు నుంచి చీకటి పడేదాకా ఎంత దొరికితే అంత ఆడదామని బతిమాలితే సరేనన్నారు.

సాయంత్రం పదకొండు మందే వచ్చారు. పన్నెండోవాడు చేపల లారీతో వెళ్ళిపోయాడట. మాస్టారు నావైపు చూశారు.

“నీ వయసెంత?”

“పంతొమ్మిదండి.”

“అయితే ఆటగాడిగా రాసుకోవచ్చు. కానీ ఆటగాడికి జీతం ఉండదు. ఆలోచించుకో.”

నాగరాజు బంతి పట్టుకుని నిలబడ్డాడు. రాసుకోమన్నాను. అరగంట ఆడాం. చివరి సర్వీసు ఎక్కడ పడిందో ఎవరికీ కనపడలేదు. పాయింటు మాదంటే మాదని రెండు పక్కలా అరిచారు.

ఆ వేసవంతా నాలుగింటికి వాళ్ళతో పాటు కూలికి వల లాగాను, సాయంత్రం అరగంట ఆడాను. మిల్లులో అయినా, చెరువులో అయినా పని చల్లటి పూటకు జరిగిపోతోంది. ఆటకూ ఆ పూటే కావాలి. ఆ పూటేమో ఏటేటా చిన్నదైపోతోంది. మీరెవరైనా ఆట చూడ్డానికి వస్తే దుప్పటి తెచ్చుకోండి. ఏలూరుకు చివరి బస్సు ఆరింటికే వెళ్ళిపోతుంది.