సుజానా రాసిచ్చిన కాయితం

పగ అంటే కత్తులూ కఠార్లూ అనుకునేవాళ్ళకు ముంచింగిపుట్టు అంగన్‌వాడీ టీచరు సుజానా సంగతి చెప్పాలి. పార్వతీపురం నుంచి బదిలీ మీద ఆ ఊరి బడికి వెళ్ళి, ఆరేళ్ళు వాళ్ళింట్లోనే ఒక వాటాలో అద్దెకున్నాను. ఆమె గొంతు పెంచి మాట్లాడగా ఒక్కరోజు వినలేదు. అందుకే ఆ మనిషంటే నాకు కొంచెం భయం కూడా.

సుజానా తండ్రి ఫిలిప్పు మాస్టారిది సాలూరు వైపు. మిషన్ బడిలో పాఠాలు చెప్పడానికి కొండెక్కి, సోంబారి అనే గదబ తెగ పిల్లను పెళ్ళాడి అక్కడే ఉండిపోయాడు. భార్య మాట్లాడే మాటలూ పాడే పాటలూ తెలుగు అక్షరాల్లో ఒక లావుపాటి పుస్తకంలోకి ఎక్కించేవాడు. సుజానాకు నాలుగేళ్ళప్పుడు మలేరియా ఆ తల్లిని తీసుకుపోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. ఆమెతోపాటే ఆ భాషా ఇంట్లోంచి వెళ్ళిపోయింది, పుస్తకం మిగిలింది.

1994లో కెవిన్ అనే తెల్లదొర వచ్చాడు. కొండ భాషల మీద పరిశోధన అన్నాడు. మాస్టారు మంచం వేయించాడు, అన్నం పెట్టాడు, రోజూ పుస్తకం చదివి వినిపించాడు. దొరకు తెలుగు మాట్లాడటం వచ్చుగానీ అక్షరం రాదు. విన్నదంతా ఇంగ్లీషులో రాసుకునేవాడు.

ఏడాది తిరిగేసరికి దొర వీసా గడువు దగ్గరపడింది. పొడిగించాలంటే విశాఖపట్నం పోలీసు ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి, ఇంటాయన సంతకాలు కావాలి. కెవిన్ ఇంగ్లీషు కాయితాల కట్ట తెచ్చి, సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిలుతో ఇంటూ గుర్తు వేసి ఇచ్చాడు. మాస్టారికి అది అలవాటే. ముప్ఫై ఏళ్ళుగా చర్చి పెళ్ళిళ్ళకు సాక్షి ఆయనే. పాస్టరుగారు రిజిస్టరులో పెన్సిలు గుర్తు పెడతారు, ఈయన పైదేమీ చదవకుండా గుర్తు మీద సంతకం చేస్తాడు. పాస్టరుగారిని అనుమానిస్తామా? అదే చేత్తో దొర గుర్తుల మీదా చేసేశాడు.

వీసా పొడిగించారు. ఆరునెలల తర్వాత కెవిన్ జెరాక్సు తీయించి తెస్తానని పుస్తకం పట్టుకెళ్ళి, అటునుంచి అటే విమానమెక్కాడు. మాస్టారు ఉత్తరాలు రాసి రాసి, 1999లో పోయాడు. పోయే ముందురోజు కూడా "పోస్టుమేను వచ్చాడేటి?" అని అడిగాడు.

ఆ కెవినే 2003లో సిగ్గూ ఎగ్గూ లేకుండా మళ్ళీ దిగాడు. చేతిలో అచ్చయిన పుస్తకం, అట్ట మీద తన పేరొక్కటే. అందులో ఉన్నవి మాటలేనట, పాటలు రెండో భాగంలో వేస్తాడట. సుజానా ముందు గది అతనికే అద్దెకిచ్చింది. నేను నిప్పు తొక్కిన కోతిలా ఎగిరాను.

"నాన్న పుస్తకం రాబట్టాల కదక్కా" అంది.

రెండు నెలలు మర్యాదగా అడిగింది. చివరికి దొర పెట్టెలోంచి ఒక కాయితం తీశాడు.

"మీ నాన్నగారు పుస్తకాన్ని మా విశ్వవిద్యాలయానికి కానుకగా ఇచ్చారు. ఇదిగో సంతకం."

నేను చదివి చెప్పాను. అలాగే రాసుంది. తేదీ మాత్రం వీసా కాయితాల నాటిది. సంతకం కింద పెన్సిలు గుర్తు ఇంకా చెరగలేదు. సుజానా ఆ గుర్తు మీద వేలు పెట్టి చూసింది. తండ్రి ఎలా మోసపోయాడో తెలిసింది.

"పుస్తకం భద్రంగా ఉంది. మీరు ఎప్పుడైనా వచ్చి చూసుకోవచ్చు" అన్నాడు కెవిన్.

"రావాలంటే ఏటి కావాల?"

"పాస్‌పోర్టు, వీసా. అంతే."

అంతేనట! పాడేరు దాటి ఎరగని మనిషికి! నేనైతే అతని సామాను అప్పుడే వీధిలోకి గిరాటేసేదాన్ని. సుజానా అతనికి టీ పెట్టి ఇచ్చింది.

నవంబరులో అతని వీసా గడువు మళ్ళీ దగ్గరికొచ్చింది. ఈ కొండల వాళ్ళు కాదనరని ధీమా, ఆఖరి రోజు దాకా కదల్లేదు. ఆ పొద్దున డ్రైవరు గాసి జీపు వాకిట్లో ఉండగా, తను ఈ ఇంట్లోనే ఉంటున్నట్టు సుజానాను ఒక ఉత్తరం అడిగాడు. "తెలుగులో రాయండి, పోలీసులకు అదే సులువు" అన్నాడు.

సుజానా కూర్చుని రాసింది. లోపలికొచ్చి నా చేతికిచ్చి, "తప్పులుంటే సూడక్కా" అంది.

'కెవిన్ గారు ఈ రోజు వరకు మా ఇంట్లో ఉన్నారు. ఇక ఉండరు, నేను ఉంచను. వీసా కాయితాలని చెప్పి మా నాన్న చేత సంతకం చేయించి ఆయన పుస్తకం తీసుకున్నారు. అది తిరిగిచ్చేదాకా మా ఇంటి చిరునామా వాడుకోవడానికి ఒప్పుకోను.'

ఒక్క అబద్ధం లేదు. "తప్పుల్లేవు" అన్నాను. నవ్వాపుకోలేక వంటింట్లోకి పోయాను. ఆమె కవరు అన్నం మెతుకులతో అంటించి ఇచ్చింది. దొర రెండు చేతులా దండం పెట్టి జీపెక్కాడు.

మిగతాది గాసి చెప్పాడు. సంచులు మోసుకుని అతనూ ఆఫీసులోకి వెళ్ళాడు. ఇనస్పెక్టరు చదివి, ఇందులో ఏముందో తెలుసా అని అడిగాడట. "నేను అక్కడ ఉంటున్నానని" అన్నాడట కెవిన్ ధీమాగా. ఇనస్పెక్టరు గట్టిగా చదివి వినిపించాడట. గుమాస్తాలందరూ పని ఆపి మరీ విన్నారట. దొర మొహం కందగడ్డ అయిందట. పొడిగింపు లేదు, పదిహేను రోజుల్లో దేశం వదలమన్నారు. ఈ ముక్క గాసి చేత మూడుసార్లు చెప్పించుకున్నాను. దాచుకోవడమెందుకు, ఆ పూట పరమాన్నం వండాను.

మర్నాడు కెవిన్ వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "ఇంకో ఉత్తరం రాసివ్వండి. నేను ఫోను చేస్తే వారంలో జెరాక్సు వస్తుంది. మీ అమ్మగారి పాటలన్నీ ఉంటాయి."

నా పగ అక్కడికి చల్లారిపోయింది. తీసుకోమని కళ్ళతో సైగ చేశాను. సుజానా నా వైపు చూడలేదు.

"మా నాన్న ఇచ్చింది పుస్తకం. పుస్తకమే తెండి."

"అది నా చేతుల్లో లేదు. నా పదేళ్ళ పని పోతుందండీ."

"పోనీండి. బేగి బయల్దేరండి, జీపెల్లిపోద్ది."

సంచి తనే మోసుకెళ్ళి జీపులో పడేసింది. ఆ గది రెండుసార్లు కడిగింది.

వారం తర్వాత అంగన్‌వాడీకి వెళ్ళాను. ఏడుపు మానని పిల్లగుంటనొకదాన్ని భుజాన వేసుకుని, సుజానా వాళ్ళ నాన్న నేర్పిన గదబ పాట పాడుతోంది. రెండు చరణాలయ్యాక ఆగిపోయింది.

"మిగతాది నాకు రాదక్కా. జెరాక్సు తీసుకునుంటే వచ్చును" అంది. కళ్ళు తుడుచుకుంది.

ఆ పిల్లను నేనందుకున్నాను.

"ఆడు మళ్ళీ వచ్చినా మళ్ళీ ఇదే సేత్తాను" అని, మొదటి చరణం నుంచి ఎత్తుకుంది.