చెవిగాటు పరీక్ష

రజాకార్ల గొడవ సద్దుమణిగిన కొన్నేళ్ళకు జరిగిందిది. యాలాల్ దగ్గర మా ఊరు. మంద మా నాయనకూ పెదనాయనకూ ఉమ్మడిది, కాయడం మాత్రం నాయన వంతు. ఆ ఏడు గొర్రెలు మాటిమాటికీ దారి పక్క కందిచేలలో పడేవి. రైతులు వాటిని బందెల దొడ్డికి తోలేవారు. విడిపించుకొచ్చిన ప్రతిసారీ పెదనాయన, "మంద కాస్తున్నవా, నడుసుకుంట నిద్రపోతున్నవా?" అనేవాడు. నాయన తల వంచుకునేవాడు.

చూపు తగ్గిందేమోనని అనుమానపడింది మా అమ్మ ఒక్కతే. దానికి మా వాళ్ళ దగ్గర ఒక పరీక్ష ఉంది. ఏ ఇంటి గొర్రెకు ఆ ఇంటి గాటు చెవి మీద ఉంటుంది. పెదనాయన వేరే ఇళ్ళ గొర్రెలను కొన్ని తెప్పించి, వాకిలి ఆ చివరన ఒకదాన్ని పట్టుకుని, గాటు ఎవరిదని అడిగాడు. నాయన తడుముకోకుండా చెప్పాడు. ఇంకోదాన్ని పట్టుకుంటే దాన్నీ చెప్పాడు.

"కండ్లు మంచిగనే ఉన్నయి. సోయే లేదు, ధ్యాసంత యాడనో ఉన్నది," అని పెదనాయన తేల్చేశాడు. ఊరంతా ఔనంది, ఊరికేం పోయింది. మందను ఆయనే తీసుకున్నాడు. నాయన కరణ్‌కోట దిక్కు నాపరాళ్ళ గనికి కూలికి పోయాడు. జీవాలతో మాట్లాడుతూ బతికిన మనిషి ఇంట్లో కూడా నోరు విప్పడం మానేశాడు.

రెండేళ్ళు పోయాక తాండూరు బజారులో పక్కనుంచి వచ్చిన ఎద్దు కొమ్ము నాయన భుజంలో దిగింది. అమ్మా నేనూ రైల్లో వికారాబాదు దవాఖానకు తీసుకుపోయాం. కట్టు కడుతూ డాక్టరు, "అంత పెద్ద ఎద్దు కనిపించలేదా?" అన్నాడు.

"లేదు సార్. సప్పుడే ఇన్న."

డాక్టరుకు ఏదో తట్టింది. ఎదురుగా కూర్చుని, తన ముక్కు మీదే చూపు నిలపమని చెప్పి, వేలిని నాయన చెవి పక్కనుంచి మెల్లగా ముందుకు తెచ్చాడు. వేలు దాదాపు ముఖానికి ఎదురుగా వచ్చేదాకా నాయన కనిపించిందనలేదు. తర్వాత కళ్ళలోకి దీపం వేసి చూశాడు. కనుగుడ్డులో ఒత్తిడి పెరిగిందట. వెనకనున్న నరానికి నెత్తురు సరిగా అందక అది కొంచెం కొంచెంగా చచ్చిపోతున్నదట. ముందు అంచుల చూపు పోతుందనీ, నడుమది చివరిదాకా నిలుస్తుందనీ, అందుకే ఆ మనిషికి కూడా తెలియదనీ చెప్పాడు.

"పోయింది తిరిగి రాదు. చుక్కల మందుతో ఉన్నదాన్ని కొన్నాళ్ళు ఆపుదాం."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాయన ముఖం మాత్రం తేటపడింది. "అంటే నాకు సోయి లేక కాదా సార్?" అని అడిగాడు. చూపు పోతోందని చెప్తే సంబరపడ్డ మనిషిని నేను ఇంకొకర్ని చూడలేదు. ఆయన్ని ఆ గతికి తెచ్చింది మేమందరమే.

సంగతి పెదనాయనకు తెలిసింది. తెల్లారి మందతో వచ్చి మా గుమ్మం ముందు ఆగాడు. "రా తమ్మీ. నువ్వు ముంగట నడువు, పక్కలు నేను సూస్త," అన్నాడు. ఇద్దరూ కలిసి తిరిగింది కొన్ని నెలలే. నడుమన మిగిలిన ఆ చూపు కూడా పోయాక నాయన గొర్రెలను వీపు తడిమి పోల్చుకునేవాడు. వాటిని కళ్ళారా చూసుకోవలసిన ఏళ్ళు రాళ్ళు కొడుతూ గడిపాడు.