పురుషోత్తమ్ సార్ పలకని మాట

కేజీఎఫ్‌లో జూడో నేర్పే పురుషోత్తమ్ సార్, నడుము మీదుగా ఎత్తి పడేసే పట్టు చూపించేటప్పుడు మాత్రం నోరు మెదపడు. ఎదుటివాళ్ల చొక్కా చేతిని గట్టిగా పట్టుకుని, వీపు తిప్పి, మోకాళ్లు వంచి, తన నడుము వాళ్ల నడుము కిందికి పోనిచ్చి ఎత్తుతాడు. వాళ్లు కింద పడేదాకా ఆ చెయ్యి వదలడు. తల నేలకు కొట్టుకోకుండా కాపాడేది అదే. నాలుగేళ్ల కిందట తన దగ్గర నేర్చుకునే మునిశంకర్ తోటి పిల్లాడు చందన్‌ను ఎత్తినప్పుడు సార్ అలవాటుగా అరవంలో "పిడి!" అని అరిచాడు, పట్టుకోమని. ఇంట్లో కన్నడం మాట్లాడే మునిశంకర్‌కు అది "బిడి" అని వినబడింది, వదలమని. వదిలేశాడు. చందన్ మెడ ఇప్పటికీ కుడివైపుకు తిరగదు. బస్సులో ఎవరైనా "దారి బిడి" అంటే చాలు, సార్ భుజాలు బిగుసుకుంటాయి.

ఈరోజు రక్షిత మొదటిసారి చైత్రను ఎత్తాలి. "పట్టుకోవాల్నా, విడిచేయాల్నా సార్? నోరు తెరిచి చెప్పండి," అంది.

"సార్ నోట్లో కుడుము పెట్టుకోనుండాడు. నన్ను చంపేయొద్దు మే," అని చైత్ర గొంతు తగ్గించి నవ్వింది.

సార్ దగ్గరికొచ్చి, రక్షిత పిడికిలిని రెండు చేతులతో చైత్ర చొక్కా మీద అదిమిపట్టాడు. రక్షిత తిరిగింది, ఎత్తింది. చైత్ర వీపు దబ్బుమని పరుపు మీద పడింది, తల తగల్లేదు.

కాసేపటికి రక్షిత మెల్లగా అంది: "ఇంగ నా చెయ్యి విడవండి సార్. చైత్ర లేచి నిలబడుకోనుండాది."