సామాన్ల అర్రకు గాలి

వానలకు మా క్వార్టర్ల సామాన్లు పెట్టే చిన్నర్ర చెమ్మెక్కి, బియ్యం సంచికి బూజు పట్టింది. ఇయ్యాల మా ఆయన బొగ్గుబాయిల మొదటి షిఫ్టు చేసొచ్చి, అన్నం గూడ తినకుండ ఒక గోడకు కింద, ఎదురు గోడకు పైన ఒక్కొక్క ఇటుక తీసిండు. కింది సందు కాడ ఊదుబత్తి పెడితే, పొగ అర్రంత తిరిగి పైసందు నుంచి బయటికి పోయింది.

"ఏం బావా, ఇంటిని గూడ బొగ్గుబాయి చేస్తున్నవా?" అన్న.

"బాయిల గాలి గిట్లనే ఒక దిక్కు వచ్చి ఇంకో దిక్కు పోతది. గట్ల పోతెనే నేను ఇంటికొస్త" అన్నడు.

నవ్వుదామనుకున్న గని నవ్వు రాలె. బాయి కింద ఆ గాలిని చూసుకునేటాయన ఎవలో నాకు తెల్వదు. ఆయన కడుపు సల్లగుండ. పేరు తెలిసినోళ్లుంటె చెప్పుండ్రి, పొద్దుగాల దీపం పెట్టంగ ఆయన కోసం గూడ మొక్కుకుంట.