ఇప్పపువ్వు లేని పేజీ

మన పదో తరగతి గ్రూపులో నేను దేవుడి ఫోటోలు తప్ప ఏమీ పెట్టను. ఈరోజు మాత్రం రాయకుండా ఉండలేకపోయాను. ఖమ్మం కాలేజీలో బైపీసీలో చేరిన మా అమ్మాయికి, ఈ కోర్సులో విద్యార్థి నుంచి ఏం ఆశిస్తారో రాసిన కాగితం ఇచ్చారు. "మొక్కలను స్వయంగా సేకరించాలి" అన్నచోట నా కళ్లు ఆగిపోయాయి.

గుర్తుందా, తొమ్మిదిలో మన సైన్సు సారూ అదే అడిగారు. ఇప్పపువ్వుతో సహా ఆయన చెప్పిన ఇరవై రకాల పూలు ఎండబెట్టి, పుస్తకంలో అంటించి తెచ్చినవాళ్లకే వేసవిలో బయాలజీ ప్రత్యేక క్లాసు. అడవిలోని గూడెం నుంచి నడిచొచ్చే సమ్మక్కకు నర్సు కావాలని ఎంత ఆశో. అడవిలో నాకు పూలన్నీ చూపించింది తనే. ఇప్పచెట్టు దగ్గర మాత్రం నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"పండుగ చెయ్యకముందు ముట్టొద్దే. ముందుగాల దేవతకియ్యాలె."

మరునాడు నేనొక్కదాన్నే వెళ్లి ఇప్పపూలు ఏరుకొచ్చాను.

సారు సమ్మక్క పుస్తకం తిప్పి చూశారు. "అడవిలనే ఉంటవ్, నీకు ఇప్పపువ్వు దొరకలేదా?"

క్లాసంతా నవ్వింది. నువ్వన్నా చెప్పవే అన్నట్టు సమ్మక్క నావైపు చూసింది. కారణం తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నేనూ నవ్వాను.

తనకు ఆ క్లాసు దక్కలేదు. సెలవుల తర్వాత బడికే రాలేదు.

రోజూ దీపం పెట్టి అందరి మేలు కోరుకుంటాను. సమ్మక్క పేరు మాత్రం దాటేస్తాను. తను ఎక్కడుందో తెలిస్తే నాకు చెప్పండి. అప్పటిదాకా ఈ మాటలు మీ దగ్గరే దాచుకోండి, ఎవరికీ చూపించకండి. తను వీటిని నా నోటితోనే వినాలి.