వాన డబ్బా అక్కగారు

ఆలమూరు దగ్గర మా వీధిలో కొబ్బరిమట్టలు అడ్డురాని ఆకాశం కావాలంటే డాబా ఎక్కాల్సిందే. అందుకే వాన కొలిచే డబ్బా అక్కడ పెట్టాను. జీతమిచ్చి ఎవరూ పెట్టమనలేదు. నాలాంటి సరదా మనుషులు ఊరికొకరు ఫోన్ గ్రూపులో చేరి, పొద్దున్నే డబ్బాలో నీళ్లు గీతలున్న గాజు గొట్టంలో పోసి, ఎన్ని మిల్లీమీటర్లు పడిందో రాస్తుంటారు. పడిన వాన లెక్క చెప్పడమే మా పని. పడబోయేదాని సంగతి మాకేం తెలియదు.

ఆ తేడా మా వీధివాళ్లకి తెలియదు. నేనూ చెప్పలేదు. నన్ను వాన డబ్బా అక్కగారు అనేవారు. "రేపు పందిరి వేసుకోవచ్చాండీ?" అని ఎవరైనా అడిగితే, పైకి ఓ చూపు చూసి "వేసుకోండి" అనేదాన్ని. రెండుమూడుసార్లు నిజం కూడా అయింది. ఇక నా నడకే మారిపోయింది. మా ఆయన "వాతావరణ శాఖవారు భోజనానికి లేస్తారా?" అని ఏడిపించినా లోపల మురిసిపోయేదాన్ని.

ఈ ఏడు దాళ్వా, అదే రెండో పంట, కోతలప్పుడు ఎదురింటి కౌలు రైతు కాలవ గట్టున ధాన్యం ఆరబోశారు. ఓ సాయంత్రం మా గుమ్మంలోకి వచ్చి, "అక్కగారండీ, ఈ రాత్రికి ధాన్యం మీద బరకాలు కప్పాలంటారా? ఆలమూరు వెళ్లి తెచ్చుకోవాలండి" అన్నారు. తెలియదని ఒక్క మాట అనొచ్చు. "అక్కర్లేదు తమ్ముడుగారూ, హాయిగా పడుకోండి" అన్నాను.

తెల్లారకుండానే కుమ్మేసింది. అలవాటుకొద్దీ కొలిచి గ్రూపులో పెడితే చప్పట్ల బొమ్మలు వచ్చాయి. అప్పుడు పిట్టగోడ మీంచి చూశాను. మొగుడూ పెళ్లాం తడిసిన ధాన్యాన్ని చేతులతో కుప్ప చేస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రోజంతా వీధి తలుపు తీయలేదు. ఆయన ఆలమూరు నుంచి బరకాలు తెచ్చి కుప్ప మీద కప్పడం కిటికీలోంచే చూశాను.

మర్నాడు బాగా ఎండ కాసింది. ఎదురింటాయన మళ్లీ వచ్చారు, తిట్టడానికి కాదు.

"బరకాలు తీసి ధాన్యం ఆరబెట్టమంటారా అక్కగారండీ?"

"నాకు తెలియదండీ."

ఆయన నా మొహంలోకి చూసి తలాడించారు. "ఆయ్. వానుందని చెప్పలేకపోతున్నారన్నమాట."

వెళ్లి బరకాల అంచుల మీద ఇంకా రాళ్లు పెట్టడం మొదలుపెట్టారు. తడి ధాన్యం అలా మూసి ఉంచితే మొలకలొస్తాయి, మొలకలొస్తే ఎవరూ కొనరు. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను.

"తీసెయ్యండి తమ్ముడుగారూ. వాన ఎప్పుడొస్తుందో నాకు ఏ రోజూ తెలియదు. పడ్డాక కొలవడమే నాకు తెలుసు."

ఆయన చేతిలో రాయి కింద పెట్టారు. ఆయన భార్య నడుం ఎత్తి, కోపమేమీ లేకుండా అడిగింది.

"మరి మొన్న ఎలా చెప్పేరండీ?"

నేను వంగి ఒక రాయి తీసి పక్కన పెట్టాను. ఆవిడ జవాబు కోసం ఇంకా అలాగే నిలబడి ఉంది.